త్రికోణమితి అయ్యేదాకా కలనం ఆగాలా?

కలన గణితం కొత్తగా మొదలుపెట్టినవారికి మొదటి కొన్ని పాఠాలు పెద్దగా కష్టం అనిపించవు. ఒక సంఖ్య వర్గమో ఘనమో ఎంత వేగంతో పెరుగుతుందో లెక్కగట్టడం బీజగణితం వచ్చినవారికి అందే పనే. చిక్కంతా అవధుల పాఠంలో సైన్ ఎదురుపడ్డప్పుడు మొదలవుతుంది. తీటా సున్నాకు చేరువవుతుంటే, సైన్ తీటాను తీటాతో భాగించగా వచ్చేది ఒకటికి చేరువవుతుందని పుస్తకం చెబుతుంది. పదో తరగతిలో లంబకోణ త్రిభుజం గీసి, ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైన్ అని నేర్చుకున్నవారికి ఇక్కడ త్రిభుజం ఏదీ కనపడదు. ఇంటర్లో బైపీసీయో సీఈసీయో చదివి, తర్వాత ఆర్థికశాస్త్రంలోకో డేటా సైన్స్‌లోకో వచ్చినవాళ్ళకైతే ఆ పదో తరగతి త్రిభుజం కూడా సగం మరుపున పడి ఉంటుంది. అలాంటివారికి దొరికే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: వెనక్కి వెళ్ళి త్రికోణమితి మొత్తం పూర్తిచెయ్యి, కలనం సంగతి ఆ తర్వాత చూద్దాం. ఈ సలహా ఎంత మంచి మనసుతో ఇచ్చినా తప్పే. కలనానికి కావలసిన త్రికోణమితి కొంచెమే. ఆ కొంచెం కూడా కలనం పక్కన పెట్టుకుని చదివితేనే అర్థవంతంగా వస్తుంది.

త్రికోణమితి అన్న ఒక్క పేరు కింద నిజానికి రెండు విద్యలు ఉన్నాయి. ఒకటి త్రిభుజాలను కొలిచేది. చెట్టు ఎత్తు, ఏటి వెడల్పు, ఓడకూ దీపస్తంభానికీ నడుమ దూరం దీని పని. అంతర్వృత్త, పరివృత్త వ్యాసార్థాల సూత్రాలు, మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలైతే నిలిచే పొడవాటి సర్వసమీకరణాలు దీని కొనసాగింపు. రెండోది వృత్తం మీద నడిచే బిందువు గురించి చెప్పేది. వ్యాసార్థం ఒకటిగా ఉన్న వృత్తం మీద, కుడి చివరి నుంచి బయలుదేరి ఒక బిందువు ఎంత దూరం నడిచిందో చెబితే, అది కేంద్రం నుంచి ఎంత పక్కకు ఉందో కొసైన్ చెబుతుంది, ఎంత ఎత్తున ఉందో సైన్ చెబుతుంది. బిందువు ఒక చుట్టు తిరిగి మళ్ళీ నడవొచ్చు, వెనక్కీ నడవొచ్చు. కోణం 90 డిగ్రీల లోపే ఉండాలన్న కట్టడి ఇక్కడ లేదు. కలనానికి కావలసింది ఈ రెండోదే. ఆంధ్ర, తెలంగాణల్లో చాలా ఏళ్ళపాటు ఇంటర్మీడియట్ ఎంపీసీ మొదటి సంవత్సరం గణితం 1ఎ, 1బి అని రెండు పేపర్లుగా నడిచింది. త్రికోణమితి 1ఎలో, అవధులూ అవకలనమూ 1బిలో, రెండూ ఒకే ఏడాదిలో. అంటే రెండింటినీ పక్కపక్కన నేర్వడం మన విద్యార్థులకు కొత్తేమీ కాదు. లోటల్లా ఆ రెండు పేపర్ల మధ్య ఉన్న బంధాన్ని తేటగా చూపించకపోవడమే. త్రిభుజ ధర్మాల అధ్యాయం మొత్తం రాకపోయినా అవకలనంలో ఒక్క మెట్టు కూడా ఆగదు. వృత్తం మీది బిందువు మనసులో లేకపోతే మాత్రం మొదటి మెట్టే ఎక్కలేం.

ఆ బంధం ఎంత పాతదో చూడాలంటే ఆర్యభటుడి జ్యాపట్టికను, అంటే వ్యాసార్థంతో గుణించిన సైన్ విలువల పట్టికను, దగ్గరగా చూడాలి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆయన సైన్ విలువలను నేరుగా ఇవ్వలేదు, ఒక విలువకూ తర్వాతి విలువకూ ఉన్న తేడాలను ఇచ్చాడు. 90 డిగ్రీలను 24 సమభాగాలు చేస్తే ఒక్కోటి 3 డిగ్రీల 45 నిమిషాలు, అంటే 225 నిమిషాలు. వ్యాసార్థం 3438 అనుకున్నాడు. తేడాలు 225, 224, 222, 219, 215, 210, 205, 199 అని మొదలై, చివరికి 51, 37, 22, 7 అని ముగుస్తాయి. మొదటి ఎనిమిదింటినీ కూడితే 1719, సరిగ్గా 3438లో సగం. 30 డిగ్రీల సైన్ విలువ సగమని మనం బట్టీపట్టింది ఇదే. ఇరవై నాలుగూ కూడితే 3438. ఇప్పుడు ఆ తేడాల మధ్య తేడాలు చూడండి. 225 నుంచి 224కు ఒకటి తగ్గింది, ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు, ఐదు. చిట్టచివర 22 నుంచి 7కు వచ్చేటప్పుడు ఏకంగా పదిహేను తగ్గింది. ఈ తగ్గుదల ఇష్టమొచ్చినట్టు లేదు. జ్యా 225 ఉన్నచోట తగ్గుదల ఒకటి, 449 ఉన్నచోట రెండు, 671 ఉన్నచోట మూడు, 3431 ఉన్నచోట పదిహేను. అక్కడికి పెరిగిన జ్యాను మొదటి జ్యా అయిన 225తో భాగిస్తే తగ్గుదల వస్తుంది. పూర్ణసంఖ్యలకు సవరించడం వల్ల నడుమ కొన్నిచోట్ల ఒకటి అటూ ఇటూ అవుతుంది, అంతే. తేడాలు కట్టే పద్ధతిగా ఆర్యభటుడు చెప్పిన సూత్రం కూడా ఇదే. సైన్‌ను రెండుసార్లు అవకలనం చేస్తే రుణ సైన్ వస్తుందని ఇవాళ మనం రాసుకునే వాక్యానికి అంకెల రూపం ఆ పట్టిక. సూర్యసిద్ధాంతంలోనూ ఇవే జ్యాలు ఉన్నాయి. ఆ గ్రంథాన్ని అనుసరించి పంచాంగ గణితం చేసినవాళ్ళందరి చేతుల్లోనూ ఈ అంకెలు నలిగాయి.

ఇంతకీ ఆ 3438 ఎక్కణ్ణుంచి వచ్చింది? పూర్తి చుట్టు 360 డిగ్రీలు, అంటే 21,600 నిమిషాలు. చుట్టుకొలత 21,600 అయితే వ్యాసార్థం ఎంత ఉండాలని లెక్కవేస్తే 3437.75 వస్తుంది, దాన్ని 3438 చేశాడు. చాపం, వ్యాసార్థం, జ్యా మూడింటినీ ఒకే కొలమానంతో కొలిచాడన్నమాట. రేడియన్ వెనక ఉన్న ఆలోచన పూర్తిగా ఇదే, ఆ పేరు 1870లలో గానీ పుట్టకపోయినా. దీని ఫలితం పట్టికలోని మొదటి అంకెలోనే కనిపిస్తుంది: 225 పొడవున్న చాపానికి జ్యా కూడా 225. మరింత సూక్ష్మంగా కడితే 224.86 వస్తుంది. చాపం చిన్నదైతే చాపమూ జ్యా దాదాపు ఒక్కటే అయిపోతాయి. విద్యార్థిని బెదరగొట్టిన ఆ అవధి చెప్పేది ఇంతకు మించి ఏమీ లేదు. ఇది కేవలం అంకెల పోలికేనని అనుమానించేవారికి చిన్న రుజువు చాలు: చాపం పొడవు ఎప్పుడూ లోపలి జ్యాకన్నా ఎక్కువ, బయట గీసిన స్పర్శరేఖ ముక్కకన్నా తక్కువ, కోణం సున్నాకు చేరేకొద్దీ ఆ రెంటి నిష్పత్తి ఒకటికి చేరుతుంది కనుక నడుమ ఉన్న చాపానికి వేరే దారి లేదు. డిగ్రీల్లో పెట్టిన క్యాలిక్యులేటర్ మీద 0.01 సైన్ కట్టి, దాన్ని 0.01తో భాగించి చూస్తే ఒకటి రాదు, 0.01745 వస్తుంది. రేడియన్లలోకి మార్చి నొక్కితే ఒకటికి వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. రేడియన్ ఎందుకన్న ప్రశ్నకు త్రికోణమితి పుస్తకం ఇచ్చే జవాబు ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, ఎందుకంటే కేవలం త్రిభుజాలు కొలిచేవారికి డిగ్రీలతో ఏ ఇబ్బందీ లేదు. ఆ అవసరం పుట్టేది మార్పు వేగం అడిగినప్పుడే. కాబట్టి రేడియన్‌ను కలనానికి ముందు ఒంటరిగా నేర్పడం జవాబును ప్రశ్నకన్నా ముందు చెప్పడం లాంటిది.

ఇక సైన్ అవకలజం. ఇది మామూలుగా సంయుక్త కోణాల సూత్రంతో, రెండు అవధులతో, అరపేజీ బీజగణితంతో వస్తుంది. బొమ్మతో చేస్తే నాలుగు వాక్యాల పని. వృత్తం మీద బిందువు తీటా దూరం నడిచి ఒకచోట ఉంది, అక్కణ్ణుంచి ఇంకొక్క చిన్న అడుగు వేసింది. వృత్తం మీద వేసిన ఆ చిన్న అడుగు దాదాపు సరళరేఖే, పైగా కేంద్రం నుంచి వచ్చే వ్యాసార్థానికి లంబంగా ఉంటుంది. వ్యాసార్థం అడ్డగీతతో తీటా కోణం చేస్తోంది కనుక, దానికి లంబమైన అడుగు నిలువుగీతతో అదే తీటా కోణం చేస్తుంది. కాబట్టి ఆ అడుగులో పైకి లేచిన భాగం కొసైన్ తీటా వంతు, ఎడమకు జరిగిన భాగం సైన్ తీటా వంతు. సైన్ అవకలజం కొసైన్. కొసైన్ అవకలజం రుణ సైన్. ఆ రుణ గుర్తు ఎందుకొచ్చిందన్నది ఎంతోమంది బట్టీపట్టి పరీక్ష గదిలో తారుమారు చేసుకునే విషయం. బొమ్మలో అది కంటికి కనపడుతుంది: బిందువు పైకి లేస్తూ ఎడమకు జరుగుతోంది, ఎడమ అంటే రుణ దిక్కు. దీన్ని పాత నాలుగంకెల పట్టికతో సరిచూసుకోవచ్చు కూడా. 30 డిగ్రీల సైన్ 0.5000, 31 డిగ్రీలకు 0.5150, 60 డిగ్రీలకు 0.8660, 61కి 0.8746. ఒక్క డిగ్రీ నడకకు మొదటిచోట 0.0150 పెరిగింది, రెండోచోట 0.0086. ఈ రెంటి నిష్పత్తి దాదాపు 1.74. 30, 60 డిగ్రీల కొసైన్ల నిష్పత్తి 1.73. ఈ మొత్తం వాదనకు వాడుకున్న త్రికోణమితి ఎంతో లెక్కపెట్టండి: వృత్తం మీది బిందువుకు నిర్వచనం, రేడియన్, ఒక లంబకోణ త్రిభుజం. అంతే.

మన దేశంలో సైన్ గణితం పెరిగిన తీరు కూడా ఈ వరుసనే బలపరుస్తుంది. గ్రహణం ఎప్పుడు పడుతుందో కట్టాలంటే చంద్రుడు రోజుకు సగటున ఎంత నడుస్తాడన్నది చాలదు, ఆ క్షణాన ఎంత వేగంతో నడుస్తున్నాడో తెలియాలి. ఆ అవసరం నుంచే 1150 నాటి సిద్ధాంతశిరోమణిలో భాస్కరాచార్యుడు తాత్కాలిక గతిని లెక్కించాడు. జ్యాలో వచ్చే మార్పు కొసైన్‌కు అనుపాతంలో ఉంటుందని చెప్పాడు. తర్వాత రెండు శతాబ్దాలకు కేరళలో సంగమగ్రామ మాధవుడూ ఆయన శిష్యపరంపరా సైన్‌ను అనంత శ్రేణిగా రాశారు: చాపంలోంచి చాపం ఘనంలో ఆరోవంతు తీసెయ్యి, ఐదో ఘాతంలో నూట ఇరవయ్యోవంతు కలుపు, అలా సాగిపో. 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాష ఈ ఫలితాలను రుజువులతో సహా చెప్పింది. ఆ రుజువులకు ప్రాణం పైన చెప్పిన బొమ్మే, అంటే చిన్న చాపం పక్కన ఏర్పడే చిన్న త్రిభుజానికీ వ్యాసార్థపు పెద్ద త్రిభుజానికీ ఉన్న సరూపత.  వీళ్ళు ఎవరూ త్రికోణమితిని ముగించి కలనం తలుపు తట్టలేదు. సైన్ విలువలు మరింత సూక్ష్మంగా కావలసి, అవి మారే తీరును పరిశీలించి, అవకలన సమాకలనాల ఆలోచనలను అక్కడే కట్టుకున్నారు. ఏ ప్రమేయానికైనా వర్తించే సాధారణ కలనం వాళ్ళ దగ్గర ఉందనడం అతిశయోక్తి. సైన్ విషయంలో మాత్రం ఆ ఆలోచన వాళ్ళ చేతికి పూర్తిగా అందింది.

చరిత్ర జరిగిన వరుసలోనే పాఠం చెప్పాలని రూలేమీ లేదు కదా అని ఎవరైనా అడగొచ్చు, సరైన ప్రశ్నే. ఐరోపాలో వరుస మరోలా ఉంది. లైబ్నిజ్ 1684లో తన అవకలన నియమాలు ప్రకటించాడు. 1696లో లోపిటాల్ అచ్చువేసిన తొలి కలన పాఠ్యపుస్తకంలో బీజగణిత వక్రాలు నిండా ఉన్నాయి గానీ సైన్‌కు అవకలనం లేదు. న్యూటన్‌కు సైన్ శ్రేణి తెలుసు. అయినా సైన్, కొసైన్‌లను మిగతా ప్రమేయాలతో సమానంగా పీటమీద కూర్చోబెట్టినది 1748 నాటి ఆయిలర్ గ్రంథమే. తీగల, లోలకాల కంపనాలు లెక్కకు వచ్చేసరికి అవి లేకుండా పని జరగలేదు. ఈ రెండో చరిత్ర మొదటిదాన్ని కొట్టేయదు, దానికి తోడవుతుంది. కలనం బహుపదులతో మొదలై చాలాదూరం సాగగలదని ఐరోపా చూపింది, సైన్ స్వభావం కలనంలోనే తేటపడుతుందని కేరళ చూపింది. రెండూ కలిపి చూస్తే విద్యార్థికి దారి దొరుకుతుంది. అవధులు, వాలు, బహుపదుల అవకలనం నడిచే మొదటి వారాల్లో వృత్తం, రేడియన్, ముఖ్యమైన కోణాల విలువలు పక్కన నేర్చుకుంటే, పాఠం సైన్ దగ్గరికి వచ్చేసరికి విద్యార్థీ అక్కడికి చేరి ఉంటాడు.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. పునాది సరిగా పడకుండా గోడ లేపితే రేపు పగుళ్ళు రావా అని ఉపాధ్యాయులు అడుగుతారు. ఒక విషయంలో వారి భయం నూటికి నూరుపాళ్ళూ నిజం: భిన్నాలు, ఘాతాంకాలు, కారణాంక విభజన రానివారు కలనంలో అడుగడుగునా కూలబడతారు. ఆ బీజగణితాన్ని దారిలో నేర్చుకోవడం కుదరదు, ఎందుకంటే కలనం దాన్ని వాడుకుంటుందే తప్ప తిరిగి నేర్పదు. త్రికోణమితి అలా కాదు. కలనం దాన్ని వాడుకుంటూనే తిరిగి నేర్పుతుంది. సైన్ వర్గం, కొసైన్ వర్గం కూడితే ఒకటి అన్న సర్వసమీకరణాన్ని తీసుకోండి. ఎడమవైపును అవకలనం చేస్తే రెండు సైన్ కొసైన్ వస్తుంది, దాంట్లోంచి రెండు సైన్ కొసైన్ పోతుంది, మిగిలేది సున్నా. అంటే ఆ మొత్తం మారదు. తీటా సున్నా దగ్గర అది ఒకటి కనుక ఎక్కడైనా ఒకటే. రెండింతల కోణపు సైన్ అంటే రెండు సైన్ కొసైన్ అన్న సూత్రం గుర్తుంటే చాలు, రెండువైపులా అవకలనం చేసి రెండుతో భాగిస్తే రెండింతల కోణపు కొసైన్ సూత్రం దానంతట అదే వస్తుంది: కొసైన్ వర్గంలోంచి సైన్ వర్గం తీసివేత. రెండు కోణాల మొత్తానికి సైన్ సూత్రం తెలిస్తే, ఒక కోణాన్ని స్థిరంగా ఉంచి అవకలనం చేసినప్పుడు కొసైన్ సూత్రం గుర్తులతో సహా చేతికొస్తుంది. ఏ గుర్తు ధనమో ఏది రుణమో అని గోడమీద చార్టులు అంటించుకునే పిల్లలకు ఇది ఎంత ఊరటో ఊహించవచ్చు. ఇవి ఆ సూత్రాలకు తొలి రుజువులు కావు, అవకలజాలు ముందే తెలియాలి. అవి మనకు బొమ్మనుంచి వచ్చాయి కనుక వాదన చుట్టూ తిరగడం లేదు.

మరో అభ్యంతరం పరీక్షలది, ఇది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అర్థమైతే సరిపోదు, చెయ్యి తిరగాలి. సమాకలనంలో సైన్ వర్గం కనపడగానే దాన్ని రెండింతల కోణపు కొసైన్‌లోకి మార్చాలని తట్టకపోతే అర్థం ఎంత ఉన్నా లెక్క ముందుకు జరగదు. కాబట్టి ఆ కొద్ది సూత్రాలనూ కాగితం మీద పదేపదే చేయవలసిందే, ఇందులో మినహాయింపు లేదు. అయితే సాధన ఎక్కడ చేయాలన్నదే ప్రశ్న. ఎడమవైపు ఒక కుప్ప, కుడివైపు మరో కుప్ప ఇచ్చి రెండూ సమానమని నిరూపించమనే లెక్కల్లో సూత్రం ఏ పనికోసం ఉందో తెలియదు, అందుకే పరీక్ష అయిన మర్నాడే జారిపోతుంది. సమాకలనంలో అదే సూత్రం దారి మూసుకుపోయినచోట దారి తీస్తుంది. అలా వాడినది నిలుస్తుంది. పరీక్షలో పొడవాటి సర్వసమీకరణాలు రాయక తప్పని విద్యార్థి అవి విడిగా సాధన చేసుకోవాలి. కానీ అవి పూర్తయితేనే కలనానికి అర్హత వస్తుందనుకోవడం వల్ల ఏటా ఎంతోమంది తెలివైన పిల్లలు అవసరం లేని గుమ్మం దగ్గర ఆగిపోతున్నారు, ఇది నిజంగా బాధాకరం.

అసలు సైన్ లేకుండానే కలనం నేర్పితే పోలేదా అని మరికొందరు ఎదురుకొస నుంచి అంటారు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు కొన్నిచోట్ల అలాగే నేర్పుతారు, లాభనష్టాల లెక్కలకు అది చాలుతుంది. కానీ పోయి మళ్ళీ వచ్చే మార్పు ఏదీ బహుపదుల్లో ఇమడదు. మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. దాని వోల్టేజి సుమారు 325 వరకు లేచి, సున్నా దాటి, మైనస్ 325 వరకు దిగి మళ్ళీ లేస్తుంది. అది అత్యంత వేగంగా మారేది శిఖరం మీద కాదు, సున్నా దాటేటప్పుడు. పగటి పొడవుదీ ఇదే తీరు: మార్చి, సెప్టెంబరు విషువత్తుల దగ్గర రోజురోజుకూ మార్పు స్పష్టంగా ఉంటుంది, జూన్, డిసెంబరు ఆయనాంతాల దగ్గర రోజులు గడిచినా తేడా కనపడదు. ఆర్యభటుడి తేడాలు 225తో మొదలై 7తో ముగియడం కూడా ఇదే. ఇవన్నీ ఒక్క గుణం చుట్టూ తిరుగుతాయి: ఎంత దూరం జరిగితే అంత బలంగా వెనక్కి లాగే దేన్నైనా వర్ణించేది సైన్, ఎందుకంటే దాని రెండో అవకలజం దానికే రుణం. భౌతికశాస్త్రం, ఇంజనీరింగు వైపు చూపున్నవారు దీన్ని వాయిదా వేసుకోలేరు.

మిగిలింది ఏది ఎప్పుడన్న ప్రశ్నే. వృత్తం, రేడియన్, సున్నా నుంచి 90 వరకు ముఖ్య కోణాల విలువలు, సైన్ కొసైన్ గీతల ఆకారాలు సైన్ అవధికి ముందు రావాలి. సంయుక్త కోణాల సూత్రం అవకలనంతో పాటే రావచ్చు. టాన్, సీకెంట్ లాంటివాటిని భాగహార నియమం నేర్చుకున్న రోజున తీసుకుంటే, వాటి అవకలజాలు బట్టీకి బదులు లెక్కగా వస్తాయి. విలోమ ప్రమేయాలు మాత్రం చాలా తర్వాత, ఒకటిలోంచి ఒక సంఖ్య వర్గం తీసి, వర్గమూలం కట్టి, దానితో ఒకటిని భాగించిన ప్రమేయానికి సమాకలనం ఏమిటని పుస్తకం అడిగినప్పుడు చూస్తే చాలు. ఆ సమాకలనం విలువ వృత్తం మీద ఒక చాపం పొడవే కనుక, సైన్ విలువ తెలిసి చాపాన్ని వెతికే ప్రమేయం ఎందుకు కావలసివచ్చిందో విద్యార్థికి ఎవరూ చెప్పనక్కర్లేదు.